ఈవినింగ్ బ్యాచ్ తర్వాత

హైదరాబాద్‌లో వీడియో గేముల చరిత్ర ఎవరు చెప్పినా మాదాపూర్, గచ్చిబౌలి వైపు నుంచే మొదలుపెడతారు. స్టూడియోలు అక్కడే ఉన్నాయి, సదస్సులూ అక్కడే జరుగుతాయి, కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. కానీ దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్‌లలో నేను చూస్తూ వచ్చిన గేముల తయారీ వేరు. దానికి బోర్డు లేదు, జీతం లేదు. పగలు ఎవరి దగ్గరో కొలువు చేసి, రాత్రి భోజనమయ్యాక కంప్యూటర్ ముందు కూర్చొని, తన ఆట తాను అల్లుకొనేవాళ్ల పని అది. అందులో కొంత ఫ్లాపీలతో పోయింది, కొంత ఫ్లాష్‌తో పోయింది, ఇంకొంత పాత నోకియా ఫోన్లతో పాటు సొరుగుల్లో పడి ఉంది. నేనూ ఆ పనిలోవాణ్ణే. మిగిలినవాళ్లు మరిచిపోకముందే దీన్ని రాసి పెట్టాలని నా తాపత్రయం.

ఈ తూర్పు వైపు ఎలాంటి ఆటలు పుట్టాయన్నది తెలివితేటల మీద ఆధారపడలేదు. ఉద్యోగం పోను సాయంత్రం ఎంత మిగిలింది, ఆ మిగిలిన గంటల్లో చేతిలో ఉన్న పనిముట్టుతో ఏది పూర్తవుతుంది అన్న రెండింటి మీదే ఆధారపడింది. అందుకని ముందు ఇక్కడి సాయంత్రాల గురించి చెప్పాలి.

దిల్‌సుఖ్‌రామ్ పర్షాద్ అనే భూస్వామి పొలాలను ప్లాట్లు చేసి అమ్మగా ఏర్పడింది దిల్‌సుఖ్‌నగర్. ఎల్బీనగర్‌కు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. 2007 ఏప్రిల్‌లో జీహెచ్ఎంసీ ఏర్పడేదాకా ఎల్బీనగర్ ఒక మునిసిపాలిటీ, పక్కనే గడ్డిఅన్నారం ఇంకో మునిసిపాలిటీ. విజయవాడ హైవే వీటి మధ్య నుంచే పోతుంది. సూర్యాపేట, నల్లగొండ, ఖమ్మం, గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చే బస్సుకు నగరం మొదట తగిలేది ఇక్కడే. పెట్టె పట్టుకొని దిగిన పిల్లవాడికి ఇంకా లోపలికి పోవాల్సిన అవసరం లేకుండా హాస్టలూ మెస్సూ కోచింగ్ సెంటరూ అక్కడికక్కడే దొరికేవి. ఇంకోవైపు వనస్థలిపురం, ఎన్జీవోస్ కాలనీ, సరూర్‌నగర్, చైతన్యపురి ప్రాంతాల్లో ప్రభుత్వోద్యోగుల ఇళ్లు. వాళ్ల ఆఫీసులు నాంపల్లి, ఆబిడ్స్ వైపు. ఐదు దాటాక సిటీ బస్సెక్కితే చీకటి పడేలోపు ఇల్లు చేరేవారు. అంటే రోజూ మూడు నాలుగు గంటల సాయంత్రం వాళ్ల చేతిలో ఉండేది.

ఆ సాయంత్రాన్ని వాడుకోవడం తెలుగు ఉద్యోగులకు కొత్త కాదు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ ముగ్గురూ వకీళ్లే. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. సరస వినోదిని సభ, సుమనోరమ సభ అలా నడిచినవే. హైదరాబాద్ అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో ఉద్యోగుల ‘రంజని’ సాహితీ సమితి కుందుర్తి పేరిట కవితా పురస్కారాలు ఇచ్చింది. పొద్దంతా పద్దులు సరిచూసే వాళ్లు సాయంత్రం వచన కవితలు చదివి మంచి చెడ్డలు తేల్చేవారు. ప్రభుత్వం కూడా దీన్ని గుర్తించింది. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964లో 15వ నియమం ఉంది. సాహిత్య, కళా, వైజ్ఞానిక స్వభావం గల పనిని అప్పుడప్పుడు చేసుకోవడానికి అది ముందస్తు అనుమతి అడగదు. ఉద్యోగానికి అడ్డు రాకూడదంతే. రాత్రిపూట ఆటలు అల్లేవాణ్ణి ఈ నాటకాల వకీలుకూ కవితల గుమాస్తాకూ వారసుడిగానే నేను చూస్తాను. చేతిలో హార్మోనియం బదులు కీబోర్డు వచ్చింది.

నేను సూర్యాపేట వైపు పల్లె నుంచి తొంభైల చివర కంప్యూటర్ కోర్సుకని వచ్చి గడ్డిఅన్నారంలో ఒక హాస్టల్లో దిగాను. అప్పటికి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మేడమేడకీ ఒక ఇన్‌స్టిట్యూట్ బోర్డు. సి, సి ప్లస్ ప్లస్, జావా, ఒరాకిల్. కోర్సయ్యాక అలాంటి ఒకచోటే ఫ్యాకల్టీగా చేరాను. పొద్దున ఏడింటి బ్యాచ్‌లో డిగ్రీ పిల్లలు. సాయంత్రం ఆరున్నర, ఎనిమిది బ్యాచ్‌లలో ఉద్యోగస్తులు. టెలిఫోన్ శాఖ వాళ్లు, బ్యాంకు గుమాస్తాలు, టీచర్లు, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌లు. ఆఖరి బ్యాచ్ తొమ్మిదిన్నరకు అయిపోయేది. తాళాలు నా దగ్గరుండేవి. యజమాని మంచివాడు. ‘కరెంటు బిల్లు నేను కట్టుకుంటా, మీరు నేర్చుకోండి సార్’ అనేవాడు. ఆ తర్వాతి గంటన్నరలోనే ఈ ప్రాంతపు ఆటల తయారీని నేను మొదట చూశాను.

పనిముట్టు టర్బో సి. పుస్తకం యశవంత్ కానేత్కర్ ‘లెట్ అస్ సి’. కాస్త ముందుకు పోయినవాళ్ల దగ్గర ఆయనదే ‘గ్రాఫిక్స్ అండర్ సి’. కోఠిలో పాత పుస్తకాల వరసల్లో రెండూ దొరికేవి. గ్రాఫిక్స్ మోడ్ తెరిస్తే 640 అడ్డం, 480 నిలువు చుక్కలు, 16 రంగులు. అంతే సామగ్రి. దాంతో ఏం చేయవచ్చో ఆ రాత్రి గుంపులో ఎవరికి వాళ్లు కనిపెట్టుకున్నారు. బొమ్మను కదిలించాలంటే ఎక్సార్ పద్ధతిలో ఒకసారి గీయాలి. అదేచోట మళ్లీ గీస్తే చెరిగిపోతుంది, వెనకున్న రంగు చెడదు. ఈ కిటుకు తెలిసిన రోజు బ్యాంకు గుమాస్తా ఒకాయన ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి కూర్చున్నాడు. ఆయన చేసింది క్యారమ్స్. స్ట్రైకర్ కొట్టిన కోణాన్ని బట్టి కాయిన్ ఎటు పోవాలన్నదానికి ఇంటర్మీడియట్ ఫిజిక్స్ పుస్తకం మళ్లీ తెచ్చుకున్నాడు.

వేగంతో ఒక చిక్కుండేది. ల్యాబ్‌లో పాత యంత్రాలు ఎక్కువ. వాటి మీద ఆట నిదానంగా నడవడానికి ఖాళీ లూపును కొన్ని వేలసార్లు తిప్పేవాళ్లం. అదే ఫ్లాపీని ఎవరింట్లోనైనా కొత్త పెంటియంలో పెడితే పాము ఆటలో పాము కంటికి కనిపించకుండా గోడకు గుద్దుకొనేది. గడియారాన్ని అడిగి కదలాలి గాని ప్రాసెసర్ ఎంత త్వరగా లెక్కపెడుతుందో దాన్ని నమ్ముకోకూడదని అప్పుడు తెలిసింది. ఈనాటి ఇంజన్లన్నీ ప్రతి ఫ్రేముకూ ఎంత కాలం గడిచిందో ప్రోగ్రాముకు అందిస్తాయి. ఆ చిన్న అంకె విలువ ఫ్లాపీల కాలంవాళ్లకు తెలిసినంతగా ఇప్పటి పిల్లలకు తెలియదు.

వాళ్లు ఏ ఆటలు చూసి పెరిగారంటే, గల్లీల్లో వీడియోగేమ్ షాపులుండేవి. నింటెండో ఫ్యామికామ్‌కు చైనా, తైవాన్ నకళ్లు టీవీకి తగిలించి గంట లెక్కన ఆడించేవారు. క్యాట్రిడ్జిని అందరూ క్యాసెట్టే అనేవారు. కాంట్రా, మారియో. చిన్నప్పుడు ఆ షాపు బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాడే పెద్దయ్యాక ఈవినింగ్ బ్యాచ్‌లో కూర్చొని ‘సార్, అది ఎట్ల దుంకుతది?’ అని అడిగేవాడు. దుంకడానికి గురుత్వాకర్షణ రాయాలి. రెండు వరసల కోడ్. ఆ రెండు వరసలు బోర్డు మీద రాసినప్పుడు గదిలో నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఉద్యోగం కోసం నేర్పిన పాయింటర్లకు, ఫైల్ హ్యాండ్లింగ్‌కు అలాంటి నిశ్శబ్దం ఎన్నడూ రాలేదు.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అది నగరానికి మేలు చేసింది, మా ఇళ్లల్లో దీపం పెట్టింది. నేనూ కొన్నేళ్లకు అటే టెస్టింగ్ ఉద్యోగంలో చేరాను. అయితే తూర్పు సాయంత్రాలను అది మింగేసింది. చదువు చెప్పేవి దిల్‌సుఖ్‌నగర్‌లో, కొలువులిచ్చేవి హైటెక్ సిటీలో. మధ్యలో మలక్‌పేట, కోఠి, లక్డీకాపూల్, పంజగుట్ట. బస్సులో నిలబడి పోవడానికి గంటన్నర, రావడానికి అంతకు మించి. వర్షం పడితే లెక్కే లేదు. ఐదింటికి ఆఫీసు వదిలే గుమాస్తా చేతిలో నాలుగు గంటలుంటే, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చేతిలో గంటన్నర మిగిలితే గొప్ప. సొంత ఇళ్లు కొన్నవాళ్లు, అమ్మానాన్నలు ఇటే ఉన్నవాళ్లు పడమటికి మారలేకపోయారు. వాళ్లలోనే ఆటలు రాసే అలవాటున్నవాళ్లు ఎక్కువ ఉన్నారు. ఆట చిన్నదవక తప్పలేదు.

అదృష్టం ఏమంటే ఆ కాలానికే పనిముట్లు కూడా చిన్న ఆటలకు అనుకూలంగా మారాయి. మొదట ఫ్లాష్. బొమ్మ గీయడం, కదిలించడం, కోడ్ రాయడం మూడూ ఒకే తెర మీద. మల్టీమీడియా కోర్సులు దిల్‌సుఖ్‌నగర్‌లో జోరుగా నడిచిన రోజులవి. బొమ్మలేసే పిల్లలు, కోడ్ రాసే పిల్లలు ఒకే మెస్సులో భోంచేసేవారు. ఆ పరిచయాల్లోంచి బతుకమ్మ పేర్చే ఆటా, గాలిపటాల పేచీ ఆటా పుట్టాయి. తర్వాత నోకియా ఫోన్లలో జావా. అప్పటి మామూలు ఫోన్లలో ఆట మొత్తం, బొమ్మలూ శబ్దమూ కలిపి, 64 కేబీలో ఇమడాలి. తెర 128 చుక్కల చదరం. ఉద్యోగం పోను గంటన్నర మిగిలినవాడికి ఆ హద్దు వరమే అయింది. పెద్దది చేయాలన్న కోరిక పుట్టినా ఫోనే వద్దనేది. ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో అడోబీ మద్దతు ఆపేసింది. ఆ ఫైళ్లను బ్రౌజర్లు తెరవడం మానేశాయి. బతుకమ్మ ఆట చేసిన అమ్మాయి ఇప్పుడు ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్. ఆమె దగ్గర అసలు ఫైలుంది గాని తెరిచే సాఫ్ట్‌వేర్ లేదు. పద్దెనిమిది పువ్వులకు ఆమె వేసిన రంగులు ఒక ప్రింటవుట్ మీద మాత్రం మిగిలాయి.

ఇక స్టూడియోల సంగతి. హైదరాబాద్‌కు ఇందులో నిజమైన గౌరవం ఉంది. ఎఫ్ఎక్స్ ల్యాబ్స్ 2008లో ‘గజని’ సినిమాకు కంప్యూటర్ ఆట చేసింది. అరోనా టెక్నాలజీస్ చేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. సోనీ యంత్రానికి మన దేశంలోనే పూర్తిగా తయారైన మొదటి ఆటగా దానికి పేరు. అదే ఏడాది గేమ్‌శాస్త్ర వాళ్ల ‘దేశీ అడ్డా’లో కబడ్డీ, గాలిపటాలు వచ్చాయి. 2017లో ఓగ్రెహెడ్ స్టూడియో ‘అసుర’ను స్టీమ్‌లో పెట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్‌లకని ఇమేజ్ పాలసీ తెచ్చింది. మా వైపు నుంచి చాలామంది ఈ రంగంలోకి వెళ్లారు.

అక్కడే నాకొక సంగతి అర్థమైంది. స్టూడియోలో చేరినవాళ్లు ఇంట్లో ఆటలు చేయడం మానేశారు. మన స్టూడియోల్లో చాలా భాగం పని విదేశీ ఆటలకు కావలసిన బొమ్మలు తయారుచేసి పంపడం. రోజంతా ఎవరి ఆటకో కార్లు, గోడలు, చెట్లు చెక్కినవాడికి రాత్రి మళ్లీ అదే సాఫ్ట్‌వేర్ తెరవబుద్ధి కాదు. ఏళ్ల తరబడి నిలబడినవాళ్లు ఎవరయ్యా అంటే, పగటి పనికీ రాత్రి పనికీ పోలిక లేనివాళ్లు. బ్యాంకు గుమాస్తా, స్కూలు టీచరు, నాలాంటి టెస్టర్లు. ప్రపంచంలో పేరు మోసిన ఉదాహరణలు చూసినా ఇదే కనిపిస్తుంది. 1984లో అలెక్సీ పజిత్నోవ్ మాస్కోలో సోవియట్ అకాడమీ కంప్యూటింగ్ సెంటర్ ఉద్యోగి. టెట్రిస్ ఆయనకు అప్పగించిన పని కాదు. చేతిలో ఉన్న ఎలెక్ట్రోనికా 60కి బొమ్మలు గీసే శక్తి లేదు కాబట్టి బ్రాకెట్ గుర్తులతో ముక్కలు పేర్చాడు. ఫ్లాపీ బర్డ్ చేసిన డాంగ్ న్యూయెన్ హనోయ్‌లో ట్యాక్సీల జాడ చెప్పే పరికరాలకు ప్రోగ్రాములు రాసే కొలువులో ఉండేవాడు. ఎరిక్ బరోన్ సియాటిల్‌లో ఒక థియేటర్‌లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పార్ట్‌టైమ్ పని చేస్తూ నాలుగేళ్లకు పైగా ఒక్కడే ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ తయారుచేసి 2016లో విడుదల చేశాడు. అయితే బరోన్ ఉదాహరణ చూపించి మా పిల్లలను ఉత్సాహపరచడం నాకిష్టం లేదు. అతను చేసింది రోజుకు పది గంటలకు పైబడిన శ్రమ, ఇల్లు నడిపే తోడు ఒకరున్నారు. ఎల్బీనగర్‌లో ఈఎంఐ కడుతూ, అమ్మానాన్నల మందులు కొంటూ, పొద్దున్నే పిల్లలను స్కూలు ఆటో ఎక్కించేవాడికి పనికొచ్చే దారి పజిత్నోవ్‌ది, న్యూయెన్‌ది. ఒకే ఒక్క సూత్రం మీద నిలబడే చిన్న ఆట.

ఈ చరిత్రలో 2013 ఫిబ్రవరి 21ని దాటేసి పోలేను. ఆ సాయంత్రం ఏడు గంటల వేళ దిల్‌సుఖ్‌నగర్ 107 బస్టాపు దగ్గర, కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల చెంత రెండు బాంబులు పేలాయి. ఆరున్నర బ్యాచ్ లోపలుండే, ఎనిమిది బ్యాచ్ దారిలో ఉండే వేళ అది. మృతుల్లో కోచింగ్‌కు వచ్చిన పిల్లలూ ఉన్నారు. అప్పటికి నేను ఆదివారం మాత్రమే క్లాసు చెబుతున్నాను. మరుసటి వారం బల్లలు చాలా ఖాళీగా ఉన్నాయి. కొందరిని ఊళ్ల నుంచి తండ్రులొచ్చి తీసుకెళ్లారు. వచ్చినవాళ్లకు ఆ రోజు పాఠం చెప్పలేదు. ఎవరింటికి వాళ్లతో ఫోన్లు చేయించాను. నెల తిరిగేసరికి సాయంత్రం బ్యాచ్‌లు మళ్లీ నిండాయి. ఆ మెయిన్ రోడ్డు ఓర్పు మీద నాకున్న గౌరవం మాటల్లో పెట్టలేనిది.

స్మార్ట్‌ఫోన్లు వచ్చాక పనిముట్లు ఇంకోసారి మారాయి. యూనిటీ ఇంజన్ 2009లో ఉచిత కూర్పు ఇచ్చింది. అర్జెంటీనావాళ్లు మొదలుపెట్టిన గోడో 2014లో ఓపెన్‌సోర్స్‌గా బయటికొచ్చింది. 2023 సెప్టెంబరులో యూనిటీ ప్రతి ఇన్‌స్టాల్‌కూ రుసుము వసూలు చేస్తానని ప్రకటించగానే మా గుంపులో చాలామంది గోడోకు మారిపోయారు. ఏడాది తర్వాత యూనిటీ ఆ రుసుము రద్దు చేసుకున్నా వెళ్లినవాళ్లు వెనక్కి రాలేదు. గోడో తేలిగ్గా తెరుచుకుంటుంది, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. మిగిలిన గంటన్నరలో పది నిమిషాలు ప్రాజెక్టు తెరుచుకోవడానికే పోతే మనిషికి ఎంత కష్టమో అది అనుభవించినవాళ్లకే తెలుసు.

ఆట జనంలోకి పోవడమూ సులభమైంది. స్టీమ్‌లో ఒక్కో ఆటకు 100 డాలర్లు, ఆండ్రాయిడ్ ప్లేస్టోర్‌లో జన్మకొక్కసారి 25 డాలర్లు. అయితే 2023 నవంబరు నుంచి కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లకు గూగుల్ ఒక షరతు పెట్టింది. 20 మంది వరసగా 14 రోజులు ఆటను తమ ఫోన్లలో ఉంచుకొని పరీక్షించాలి. తర్వాత 20ని 12కు తగ్గించింది. కంపెనీలకు ఇది లెక్క కాదు. ఒంటరిగా రాత్రిపూట పనిచేసేవాడికి ఇరవై మంది ఎక్కడ? మా చైతన్యపురి కుర్రాడొకడు, పగలు ఫార్మసీలో పనిచేస్తాడు, తన అపార్టుమెంటునే అడిగాడు. వాచ్‌మన్ కొడుకు, కింద టిఫిన్ సెంటర్ ఆయన, మూడో అంతస్తులో రిటైరైన లెక్కల సారు, పాలప్యాకెట్లు వేసే అమ్మాయి. రోజూ సాయంత్రం తలుపు తట్టి ‘ఆంటీ, తీసేయలేదు కదా?’ అని అడిగేవాడు. లెక్కల సారు నాలుగో రోజుకే ఆటలో స్కోరు ఒకటి తప్పు కలుస్తోందని కాగితం మీద రుజువు చేసి ఇచ్చాడు. డబ్బిచ్చి పెట్టుకున్న టెస్టర్ కూడా అంత శ్రద్ధ పెట్టడు. ఇరవై ఏళ్లుగా ఆ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను.

ఇప్పుడు నేను చేస్తున్న పని పులి-మేక. గుళ్ల అరుగుల మీద, రాతి బండల మీద గీతలు చెక్కి ఉంటాయి, చాలామంది చూసే ఉంటారు. మా ఊళ్లో గీసే పటంలో 23 కూడళ్లు, మూడు పులులు, పదిహేను మేకలు. మేకలను ఒక్కొక్కటిగా పెట్టాలి, అన్నీ పెట్టేదాకా జరపకూడదు. పులి మేక మీదుగా ఖాళీలోకి దుమికితే ఆ మేక పోతుంది. మూడు పులులకూ కదలడానికి చోటు లేకుండా చేస్తే మేకలు గెలిచినట్లు. మా తాత దగ్గర నేర్చుకున్నాను. నేను ఉత్సాహంగా నడిమిట్ల పెట్టబోతే చెయ్యి పట్టుకొని, ‘అంచులు పట్టు బిడ్డా. అంచున ఉన్నదాన్ని దాటి దుంకెటందుకు వెనక జాగుండదు’ అనేవాడు. ‘మరి నడుమ ఎవలు పోవాలె తాతా?’ అంటే, ‘అంచులు గట్టిగైనంక అందరం పోదాం’ అనేవాడు.

ఫోన్‌లో పులి వైపు ఆడే బుద్ధిని తయారుచేయాలంటే ఈ ఆట ఎంత పెద్దదో ముందు తెలియాలి. పదిహేను మేకలూ పటం మీద ఉన్నప్పుడు మూడు పులులతో కలిపి మొత్తం ఎన్ని అమరికలు సాధ్యం? 23 కూడళ్లలో పులులకు 1,771 విధాలు. మిగిలిన 20లో మేకలకు 15,504 విధాలు. రెండింటి లబ్ధం 2,74,57,584. ఒక్కో అమరికకు ఒక బైట్ చొప్పున పెట్టినా 28 ఎంబీ లోపు. పటం కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి కాబట్టి అందులోనూ దాదాపు సగం చాలు. విచిత్రం ఏమంటే ఒక మేక చస్తే లెక్క తగ్గదు, పెరుగుతుంది. 14 మేకలకు 6,86,43,960. ఖాళీ పెరిగిన కొద్దీ పులికి దారులు పెరుగుతాయని తాత నోటితో చెప్పిన సంగతిని అంకెలు కూడా చెబుతున్నాయి. నేపాల్‌లో దీని తోబుట్టువు బాఘ్‌చాల్ ఉంది, నాలుగు పులులు, ఇరవై మేకలు. ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే అది ఎవరూ గెలవని ఆట అని లిమ్ యూజిన్, నీవర్గెల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు కంప్యూటర్‌తో తేల్చారు. ఆ దారిలోనే, పులులు చిక్కుకున్న అమరికల దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కకట్టుకుంటూ పోతున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు ప్రోగ్రామును వదిలి పడుకుంటే పొద్దునకు కొన్ని అమరికలు తేలి ఉంటాయి. మనిషి నిద్రపోయే వేళ యంత్రం పనిచేసే ఇలాంటి ఆట, ఉద్యోగస్తుడికి ఇంతకంటే తగినది నాకు దొరకలేదు.

నాకు గంటలు తిరిగి ఇచ్చింది మెట్రో. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా 2018 సెప్టెంబరు 24న మొదలైంది. మరుసటి ఏడాది మార్చిలో హైటెక్ సిటీ కలిసింది. ఎల్బీనగర్ మొదటి స్టేషన్, కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ దాటేసరికి బోగీ కిక్కిరిసిపోతుంది గాని అప్పటికి ల్యాప్‌టాప్ ఒళ్లో తెరుచుకొని ఉంటుంది. అమీర్‌పేటలో దిగి రైలు మారేదాకా ఎవరూ పిలవరు, మీటింగుండదు. నేలమీద అదే దారిలో బస్సులో నిలబడి పోగొట్టుకున్న గంటలు ఇప్పుడు పైన కూర్చొని సంపాదించుకుంటున్నాను. తిరుగు ప్రయాణంలో సీటు దొరకదు, అప్పుడు నోట్‌బుక్కులో పటాలు గీస్తాను. 2020 లాక్‌డౌన్‌లో ప్రయాణమే లేకపోయింది కదా, బోలెడంత ఆట తయారై ఉంటుందని చాలామంది అనుకుంటారు. మా ఇళ్లల్లో అలా జరగలేదు. ఆఫీసు రాత్రి పదకొండు దాకా పాకింది, ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్ పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు పోయింది.

కొత్తవాళ్లు నన్ను తరచుగా అడిగేది చట్టం సంగతి. 2022 సెప్టెంబరులో పోటీ కంపెనీలకు పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తొలగించిందన్న వార్త వచ్చినప్పుడు మా గుంపులో చాలా భయం పుట్టింది. మన కాపీరైట్ చట్టం 1957, 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగ విధుల్లో భాగంగా తయారుచేసిన దానికి తొలి హక్కుదారు యజమాని. విధులకు బయట, సొంత సమయంలో చేసినది చేసినవాడిది. అయితే ఆఫర్ లెటర్‌తో పాటు సంతకం పెట్టిన ఒప్పందంలో వేరే మాట రాసి ఉండవచ్చు. కాబట్టి అందరికీ నేను చెప్పేది ఒకటే. ఆ కాగితాలు తీసి చదవండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక్క వరస కూడా రాయకండి. అనుమానముంటే హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా చెప్పి అనుమతి తీసుకోండి. ఫార్మసీ కుర్రాడికి ఈ బాధ లేదు, టెస్టింగ్‌లో ఉన్న నాకుంది. నేను అడిగి తీసుకున్నాను.

పులి-మేక మొదటి కూర్పు ఈమధ్య కొందరి ఫోన్లలో పెట్టాను. సరూర్‌నగర్ చెరువు గట్టున పొద్దున నడకకు వచ్చే మిర్యాలగూడ పెద్దాయన ఒకరు ఆడి చూసి, ‘మీ పటం మా పటం కాదయ్యా, మాకు నిలువు గీతలు ఇంకో తీరు’ అని చీటీ వెనక గీసి ఇచ్చాడు. టిఫిన్ సెంటర్ ఆయనది ప్రకాశం జిల్లా. వాళ్ల దగ్గర అయిదు మేకలు పోతే ఆట అయిపోయినట్లేనట. మా ఊళ్లో ఆఖరి మేకదాకా ఆడతాం. ఇంజన్‌లో పటాన్ని, నియమాలను విడిగా ఒక ఫైలులోకి తీస్తున్నాను, ఎవరి ఊరి ఆట వాళ్లు ఎంచుకొనేలా. నాలుగు పులుల పటం తమ వైపు ఉందని డ్రాయింగ్ టీచరమ్మ చెప్పింది. వాళ్ల అమ్మమ్మను అడిగి గీయించి పంపిస్తానంది. దసరా సెలవుల తర్వాత.